లైటు కోసం కూర్చున్న మనిషి

మా ఆయన సుకుమార్ ఒకచోట కుదురుగా కూర్చోవడం నేను చూసింది చర్చిలో మాత్రమే. అక్కడ కూడా ప్రసంగం నడుస్తున్నంతసేపూ మోకాలు ఆడిస్తూనే ఉంటాడు. మదనపల్లెలో బస్టాండు వెనక సందులో మా స్టూడియో. మా మామ అహరోను పెట్టినది. ముందు గదిలో కౌంటరు, కంప్యూటరు. లోపలి గదిలో నీలం పరదా, గొడుగు లైట్లు, ఒక స్టూలు. ఆ రెండు గదుల మధ్య ఆయన రోజూ తిరిగే తిరుగుడంతా రోడ్డు మీద తిరిగితే బి.కొత్తకోట పోయి రావచ్చని నేను ఎగతాళి చేస్తుంటాను.

నేను మిషన్ ఆసుపత్రిలో నర్సును. గాయాన్ని గాయంలాగే చూడటం నా ఉద్యోగం. మా ఆయన పని దానికి సరిగ్గా ఎదురు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి క్లిక్కుమనిపించి, కంప్యూటరు ముందుకి వచ్చాడంటే మొటిమలు, మచ్చలు, గాట్లు అన్నీ మౌసుతో రుద్ది పారేస్తాడు. అడిగినా అంతే, అడగకపోయినా అంతే. రంగు కూడా కాస్త పెంచుతాడు. "ఉన్నది ఉన్నట్టు ఇస్తే మళ్లా ఎవురొస్తారు మన అంగడికి?" అంటాడు. ఆ విద్య మామ దగ్గర నేర్చుకున్నదే. ఆయన కాలంలో నెగటివ్ మీద సన్న పెన్సిలుతో దిద్దేవాళ్లు.

మా పెళ్లి ఫోటో ఇప్పటికీ హాల్లో ఉంది. చిన్నప్పుడు హాస్టలు మెట్ల మీద పడితే నా నుదుటి మీద పడిన గాటు అందులో లేదు. ఆ ఫోటో ఇంటికొచ్చిన రోజు నుంచి నేను పాపిట పక్కకి మార్చుకుని వెంట్రుకలతో ఆ గాటు కప్పుకుంటున్నాను. ఆయన దాని గురించి ఎప్పుడూ అడగలేదు. నేనూ ఎత్తలేదు. కోపం మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ఇప్పుడు రామచంద్ర సంగతి చెప్పాలి. సోమల మనిషి. పుంగనూరులో నాగరాజు షామియానా షాపులో పని. పెళ్లి మండపం కట్టేది రామచంద్ర, ఆ మండపంలో ఫోటోలు తీసేది మా ఆయన. ఎన్నో పెళ్లిళ్లలో ఇద్దరూ ఒకే బంతిలో చివరగా కూర్చుని భోంచేసినవాళ్లు. ఆ రామచంద్ర మొన్న పందిరి గుంజలు లారీలోంచి దించుతూ గుండె పట్టుకుని కూలబడిపోయాడు. ఆసుపత్రి దాకా కూడా రాలేదు.

దినం నాడు దండ వేసి దీపం పెట్టడానికి పెద్ద ఫోటో కావాలని కొడుకు వచ్చి అడిగితే, మా ఆయన తన దగ్గరున్న ఒక పెళ్లి ఆల్బంలో, అతనికి తెలియకుండా నేరుగా పడిన రామచంద్ర ముఖం తీసి, కోటు తొడిగి, వెనక ఆకాశం పెట్టి, ఫ్రేము కట్టించి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

మరుసటి రోజు నేను క్యారియరు తీసుకుని స్టూడియోకి పోయేసరికి రామచంద్ర భార్య మునెమ్మ అక్కడ ఉంది. సోమల నుంచి ఒక్కతే బస్సులో వచ్చినట్టుంది. ఆ ఫ్రేము తువ్వాలులోంచి తీసి కౌంటరు మీద మా ఆయన వైపు తిప్పి పెట్టింది.

"ఈయప్ప ఎవురు?" అని అడిగింది.

"అదేందక్కా, రామచంద్రన్న కదా."

"మచ్చ యాడ?"

రామచంద్ర ఎడమ చెంప మీద చింతగింజంత నల్లటి పుట్టుమచ్చ ఉండేది. దూరం నుంచి ఆ మచ్చను చూసే మనిషిని గుర్తుపట్టేవాళ్లు. ఫోటోలో అక్కడ చెంప నున్నగా ఉంది.

"ఫోటోలో బాగుండదని తీసేసినా అక్కా," అన్నాడు మా ఆయన.

"నీ కంటికి బాగుండదు. నేను ఆ మచ్చతోనే కదప్పా కాపురం చేసింది? ఈయప్పని నువ్వే పెట్టుకో. మా ఆయన్ని నాకియ్యి."

కోపంగా అనలేదు. చీటీలో రాసిన సరుకుకి బదులు వేరే సరుకు వస్తే అంగడివాడికి చెప్పినట్టు చెప్పింది. వాళ్ల ఇంట్లోవాళ్ల ఫోన్లలో వెతకమని మా ఆయన అన్నాడు. వెతికారట. ఎవరు ఫోటోకి ఫోను ఎత్తినా రామచంద్ర ముఖం పక్కకి తిప్పేసేవాడు. ఒక్కదాంట్లోనూ ఎడమ చెంప లేదు. ఆధార్ కార్డు ఉంది కదా అంటారేమో, అందులో ముఖమంతా మచ్చే.

"యాల తిప్పేవాడక్కా అట్ల?" అని అడిగాడు మా ఆయన.

మునెమ్మ ఆయన వైపు వింతగా చూసింది. "నువ్వు చెప్పినావనే. మా పెండ్లికి మీ నాయనతో వచ్చినావు కదా. 'అన్నా, ఆ చెంప అట్ల తిప్పు, నీ కుడి పక్క బాగుంటాది' అన్నావు. దాన్ని ఎంతమందికి చెప్పుకున్నాడో. సుకుమారప్ప చెప్పినాడు, నా కుడి పక్క హీరో మాదిరి ఉంటాదంట అని."

మా ఆయనకి ఆ మాట గుర్తు లేదు. ఉండదు కూడా. పెళ్లికి పోయిన ప్రతిచోటా ఎవరో ఒకరికి ఆ మాట చెబుతూనే ఉంటాడు. వెంటనే కంప్యూటరు ముందుకి దూకి, ఎవరిదో ఫోటో తెరిచి, దాంట్లోంచి ఒక మచ్చ కత్తిరించి రామచంద్ర చెంప మీద అతికించాడు. చిటికెలో పని. స్క్రీను మునెమ్మ వైపు తిప్పాడు.

ఆమె దగ్గరికి వంగి చూసింది. "ఇది ఎవురి మచ్చప్పా?"

మా ఆయన మౌసు అటూ ఇటూ జరిపాడు. నేను ఊరుకోలేకపోయాను. "చెప్పు, ఎవురిదో," అన్నాను.

"పాపన్నది. కొత్తకోట పాపన్న," అన్నాడు తల వంచుకుని.

మునెమ్మ నవ్వలేదు, తిట్టలేదు. ఫ్రేము కౌంటరు మీదే వదిలేసి తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుంది. "ఆదివారం దినం. ఆ లోపల మా ఆయన దొరికితే ఇయ్యి. లేకుంటే ఫోటో లేకుండానే దీపం పెట్టుకుంటా. ముక్కూమొగం తెలీనోళ్లకి దండ వెయ్యలేను," అని పోయింది.

ఆ రోజు మా ఆయన క్యారియరు విప్పలేదు. పాత హార్డు డిస్కులన్నీ అటక మీంచి దించి ఒక్కొక్కటే పెట్టి చూశాడు. అన్నింటిలోనూ దిద్ది ముగించిన ఫోటోలే ఉన్నాయి. ఆల్బం చేతికి ఇవ్వగానే అసలువి తుడిచేయడం ఆయనకి అలవాటు. చోటు మిగులుతుందని. రామచంద్ర పెళ్లి నెగటివ్ కూడా మామ ట్రంకులో దొరికింది, కానీ చెంప తిప్పించినాక అందులో మచ్చ ఎక్కడిది?

ఇంటికొచ్చాడేగానీ ఇంట్లో లేడు. అన్నం కలుపుతాడు, లేస్తాడు. కుళాయి తిప్పుతాడు, కట్టేయడం మరిచిపోతాడు. సోఫాలో కూర్చుంటాడు, ఎదురుగా మా పెళ్లి ఫోటో కనిపిస్తే లేచి వరండాలోకి పోతాడు. నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. ఏది ఎక్కువో చెప్పలేను. "పాపన్న మచ్చ అతికించేదానికి నీకు చేతులెట్ల వచ్చినాయి?" అని అడిగేశాను. "రేపు పుంగనూరు పోతాండాను. నాగరాజన్న దగ్గర ఏమన్నా దొరుకుతాదేమో," అన్నాడు. ఆ మనిషిని ఆ స్థితిలో బండి మీద ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ సెలవు పెట్టాను. బస్సులో పోయాము.

నాగరాజు షాపు ముందు మండపం కుర్చీలకి రంగు వేయిస్తున్నాడు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే బంగారు రంగు కుర్చీలు, సింహం చేతులవి. ఆయన దగ్గరున్న ఫోటోలన్నీ ఫోనులో చూపించాడు. రామచంద్ర ఉన్న ప్రతిదాంట్లోనూ కుడి చెంపే. ఒకదాంట్లో ఎడమ చెంప మీద చెయ్యి కూడా అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

మా ఆయన ఫోను తిరిగిచ్చి రోడ్డు మీదికి, షాపులోకి తిరగడం మొదలుపెట్టాడు. నాగరాజుకి విసుగొచ్చినట్టుంది. "ఒకచోట కూచోప్పా సుకుమారా. ఇదో, ఈ కుర్చీలో కూచో, రంగు ఆరిపోయిండాది. నువ్వు పెండ్లికొడుకులు రాకముందు మా రామచంద్రని కూచోబెడతాంటివే, అదే కుర్చీ," అన్నాడు.

మా ఆయన నిలబడిపోయాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు, మాటలు తడబడుతూ. పెళ్లికొడుకు వచ్చి కూర్చోకముందు ఆ కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టి లైట్లు సరిచూసుకోవాలి. మండపంలో అప్పటికి ఖాళీగా ఉండేది రామచంద్రే. పిలిస్తే వచ్చి కూర్చునేవాడు. నేరుగా చూడమంటే నేరుగా చూసేవాడు. లైటు కుదరగానే వాటిని అక్కడికక్కడే తుడిచేసేవాడు మా ఆయన. ఎవరూ అడగని ఫోటోలు అవి.

"అన్నీ తుడిచేసినావా?" అన్నాను.

"అన్నీ... కుప్పం పెండ్లివి తప్ప," అన్నాడు.

కుప్పంలో గురుమూర్తి అని రిటైరయిన హెడ్మాస్టరు. ఆయన కూతురు కీర్తన పెళ్లికి మా ఆయనే తీశాడు. అప్పుడు ఆ సారు ఒక షరతు పెట్టాడు: తీసినవన్నీ, చెడిపోయినవాటితో సహా, ఒక్కటి కూడా ముట్టుకోకుండా పెన్‌డ్రైవులో వేసి ఇవ్వాలని. "నా బిడ్డ నలుపు. నల్లగానే ఉండనీ," అన్నాడట. మా ఆయనకి ఒళ్లు మండింది. ఉడకని అన్నం వడ్డించమన్నట్టు ఉందని ఇంటికొచ్చినాక కూడా తిట్టుకున్నాడు. ఆ సారుకి ఫోను చేయడానికి ఇప్పుడు ముఖం చెల్లక నాచేత చేయించాడు.

"బీరువాలో ఉండాదమ్మా. ఎవురికీ పంపను. వచ్చి సూసుకోమను," అన్నాడు గురుమూర్తి.

అట్నుంచి అటే పలమనేరు మీదుగా కుప్పం పోయాము. దారి పొడుగునా మా ఆయన లెన్సు మూత వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాడు. లైటు కోసం తీసినవి ఆ రోజు కూడా అలవాటు కొద్దీ తుడిచేసి ఉంటే ఎట్లా అని ఒకసారి, రామచంద్ర ఆ పెళ్లికి రానే లేదేమో అని ఒకసారి గొణుక్కున్నాడు. ఆయన మోచెయ్యి నాకు తగులుతూనే ఉంది. పక్క సీటులో అరవం మాట్లాడే ముసలామె, పాపం ఆసుపత్రికి పోతున్నామనుకుని మా ఆయనకి చాక్లెట్ ఇచ్చింది.

గురుమూర్తి సారు మమ్మల్ని నులక మంచం మీద కూర్చోబెట్టి, పెన్‌డ్రైవు తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు. పాత మాటలేవీ ఎత్తలేదు. మా ఆయన సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి తెరిచాడు. మొదట ఖాళీ కుర్చీ. తర్వాత మళ్లీ ఖాళీ కుర్చీ, కాస్త వెలుగుతో. ఆ తర్వాత రామచంద్ర.

బంగారు కుర్చీలో, భుజం మీద తువ్వాలుతో, సింహాల మీద చేతులు పెట్టుకుని, నేరుగా మా వైపు చూస్తున్నాడు. లైటు ఎడమ పక్క ఎక్కువై, ఆ చెంప వెలిగిపోతోంది. మచ్చ, దాని మీద రెండు వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉంది. నవ్వుతున్నాడు, పళ్లన్నీ కనిపించేలా.

నేను మా ఆయన మోకాలి వైపు చూశాను. ఆడటం లేదు.

మదనపల్లెకి వచ్చి కంప్యూటరులో ఆ ఫోటో పెట్టినాక, ఆయన చెయ్యి మౌసు మీదికి పోయింది. "ఆ చెంప మీద లైటు ఒక్కటీ తగ్గిస్తా. కుర్చీ కూడా తీసేస్తే..." అన్నాడు.

"ముట్టుకున్నావంటే సూడు," అన్నాను. ఆసుపత్రిలో కట్టు విప్పేసే రోగులతో మాట్లాడే గొంతుతో అన్నాను. చెయ్యి తీసేశాడు. అట్లాగే ప్రింటు వేసి, అట్లాగే ఫ్రేము కట్టించాడు.

శనివారం మునెమ్మ వచ్చింది. మా ఆయన ఫ్రేము కౌంటరు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఆమె చాలాసేపు చూసింది. చూపుడు వేలు అద్దం మీద ఆ మచ్చ దగ్గర ఆనించి, తీయకుండా అట్లాగే ఉంచింది. అప్పుడు ఏడ్చింది. మనిషి పోయినప్పటి నుంచి కంట నీరు పెట్టలేదని కొడుకు తర్వాత చెప్పాడు.

కొంగుతో ముఖం తుడుచుకుని, "నవ్వుతాండాడే," అంది. "ఫోటో అంటే బిగుసుకుపోతాడు ఆయప్ప. ఏం చెప్పి నవ్వించినావు సుకుమారప్పా?"

"ఏం చెప్పలేదక్కా. ఇది ఫోటో కాదన్నా, లైటు సూసుకుంటాండానని చెప్పినా."

మునెమ్మ తల ఊపి, ఫ్రేమును తువ్వాలులో చుట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగింది.

ఆమె పోయినాక మా ఆయన లోపలి గదిలోకి పోయాడు. గొడుగు లైట్లు వెలిగిన చప్పుడు వినిపించింది. నేను డ్యూటీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను.

"దెబోరా," అని పిలిచాడు. "ఒక్క నిమిషం ఆ స్టూలు మీద కూచో. లైటు సూసుకోవాల."

మధ్యాహ్నం పూట, స్టూడియోలో ఒక్క గిరాకీ లేనప్పుడు, ఆయన ఎవరి కోసం లైటు చూసుకుంటున్నాడో నేను అడగలేదు. లోపలికి పోయి స్టూలు మీద కూర్చున్నాను. నుదుటి మీద వెంట్రుకలు చెవి వెనక్కి దోపుకుని, ఆయన వైపు నేరుగా చూశాను.