వెనకుంటాన్లే అన్నయ్యా

మా రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఒక నర్సమ్మ ఉండేది. చర్చిలో ఏటా క్రిస్మస్ ఫోటో తీసే పని నాది. కెమెరా ఎత్తగానే ఆవిడ, "నల్లదాన్ని, వెనకుంటాన్లే అన్నయ్యా," అంటూ స్తంభం చాటుకు పోయేది.

అమెరికాలో మొట్టమొదటిసారి ఒక నల్లజాతి మనిషి అధ్యక్షుడిగా గెలిచిన రోజున కాలనీ అంతా డప్పులతో ఊరేగింది. సరే, అదంతా నా కోతలే. ఆవిడొక్కతే జిలేబీ పొట్లంతో మా గుమ్మంలోకి వచ్చింది.

"అరే అన్నయ్యా, టీవీ చూశారా? మనోడు జీత్ గయా!"

"మనోడెప్పుడయ్యాడమ్మా?"

"రంగు చూళ్లేదా?"

ఆ క్రిస్మస్‌కి ఆవిడ పాస్టరుగారిని పక్కకి జరిపి, ముందు వరస మధ్యలో నిలబడింది. "ఇప్పుడు తియ్యండి!"

అంత గొప్ప ఫోటో ఛత్తీస్‌గఢ్‌లోనే ఎవరూ తీయలేదని చెప్పుకుంటాను. నిజానికి పాస్టరుగారి తల తెగిపోయింది. ఆవిడ నవ్వు మాత్రం మొత్తం పడింది.