జమ్ములమ్మ పెట్టిన కళ్లు

గద్వాల పాత బస్టాండు వెనక జమ్ములమ్మ ఫొటో స్టూడియో ముప్పై ఏళ్ల నాటిది. మగడు సుదర్శన్ తాగి తాగి పోయాక కెమెరా ఆమె మెడకెక్కింది. మొగుడు లేనిదాన్ని పెళ్లిళ్లకు ఎవరు పిలుస్తారు? చావులకు పిలిచారు. బతికున్నన్నాళ్లూ ఇంటి ఆడదానికి ఒక్క ఫొటో తీయించాలని తోచని మహానుభావులకు పాడె కట్టేటప్పుడు గుర్తొచ్చేది. ఇటిక్యాల నుంచి పాన్‌గల్ దాకా ఆమె ఎక్కని ఆటో లేదు.

శవం ముఖాన్ని గోడకు పెట్టుకోలేరు కదా, కళ్లు తెరిపించాలి. మొదట్లో బ్రష్షుతో దిద్దేది. అవి బొమ్మ కళ్లలా గుడ్లురిమేవి. కంప్యూటరు వచ్చాక, బతికున్నవాళ్ల ఫొటోలోంచి కళ్లు తీసి అతికించవచ్చని తెలిసింది. కానీ చచ్చిన మనిషికి తమ కళ్లు ఎవరిస్తారు? కన్నతల్లికైనా సరే, కీడని ఒక కూతురు ఇవ్వనంది. జమ్ములమ్మ కెమెరాను తనవైపు తిప్పుకుని తన కళ్లే తీసుకుంది. కీడు జరగడానికి తనకింకేం మిగిలింది గనక. ఆ కళ్లతో ఎందరో ఆడవాళ్లు దండల వెనక నుంచి చూస్తున్నారు. ఒక్కరూ పోల్చుకోలేదు. ఫొటో తీసేదాని కళ్లు ఎవరికి కావాలి, అందరూ కెమెరానే చూస్తారు.

మొన్న వానల్లో ఇటిక్యాల నుంచి వర్ష వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. పుట్టిన రోజే తల్లి పోయింది, అవ్వ బాలనాగమ్మ పెంచింది. గోడకు నీళ్లు దిగి అమ్మ ఫొటో పాడైందట, కొత్తది కావాలని ఫ్రేమును బల్ల మీద పెట్టింది. పరీక్ష తప్పినా, జ్వరమొచ్చినా ఆ కళ్లకే చెప్పుకున్నానంది. సగం ముఖం చెమ్మకు పోయింది గానీ కళ్లు నిలిచాయి. ఎడమ కంటి తెల్లగుడ్డులో నువ్వుగింజంత నల్లమచ్చ. జమ్ములమ్మ అద్దాలు తీసి తుడుచుకుంటుంటే వర్ష ఆమె ముఖంలోకి చూసి, చూపు తిప్పలేదు.

"అవ్వా, గీ మచ్చ నీకు గూడ ఉన్నది."

జమ్ములమ్మకు అబద్ధం నోటిదాకా వచ్చింది. పెళ్లిచూపుల ఫొటోల్లో ఎందరో నల్లపిల్లలను తెల్లగా చేసిన చెయ్యి అది. కానీ ఆ పిల్ల ఇందాక చెప్పిన జ్వరం మాట దానికి అడ్డంపడింది.

"గవి నావే బిడ్డా."

వర్ష బల్ల అంచును వేలితో రుద్దింది. "మరి మా అమ్మ కండ్లు ఎట్లుండె?"

"తెల్వదు. నేనొచ్చేవరకే మూసిండ్రు."

జమ్ములమ్మ చీరల అట్టపెట్టెలోంచి అసలు ఫొటో తీసిచ్చింది. ముక్కులో దూది, గడ్డం కింద గుడ్డ కట్టు. వర్ష దాన్నే పెద్దది చేయమంది. పోనీ దూదైనా చెరిపేస్తానంటే వద్దంది.

"గా దూదన్న మా అమ్మది ఉండనీ."

పాత ఫ్రేమును బల్ల మీదే వదిలేసి వెళ్లింది. జమ్ములమ్మ దాన్ని బోర్లా పెట్టింది.

వారం తిరక్కుండా పాన్‌గల్‌లో ఒక ముసలామె పోతే కొడుకు లక్ష్మణ్ వచ్చాడు. ఫొటో తీస్తాను, కళ్లు మాత్రం తెరిపించనని జమ్ములమ్మ చెప్పింది. ఈ ఫొటోల ముసల్దానికి మతి చెడిందని తిట్టి అతను ఇంకో స్టూడియోకు పోయాడు. అక్కడ కంప్యూటరే ఎక్కడివో కళ్లు తెచ్చి పెడుతుంది. గంటలో ఆ తల్లి కళ్లు తెరిచింది. మచ్చ లేదు, మెరుస్తున్నాయి. ఎవరివని ఎవరూ అడగలేదు.