మగ్గం గుంతలో మజ్జిగ రంగు కుక్క

మా ఇంటి నడిమి గదిలో ఒక సీలింగ్ ఫ్యాన్ ఉంది. రెక్కలు బాగున్నాయి, మోటారు బాగుంది, రెగ్యులేటర్ కూడా పనిచేస్తుందని ఎలక్ట్రీషియన్ హామీ ఇచ్చినాడు. వేయడానికి మాత్రం వీల్లేదు. పట్టు పోగుకు గాలి తగిలితే ఎండుతుంది, ఎండితే తెగుతుంది, తెగితే మా నాయన ఒక్క మాట కూడా అనకుండా తలెత్తి ఫ్యాన్ వైపు చూస్తాడు. ఆ చూపు కంటే ఉక్కపోతే నయం. ధర్మవరంలో ఎండాకాలం, పనిచేసే ఫ్యాన్ కింద కూర్చుని, దిద్దాల్సిన పరీక్ష పేపర్లతోనే విసురుకోవడం నాకు ఏటా ఉండేదే. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. గాలి గురించి నేను చెప్పే మాటలకు కాలేజీలో కొంత విలువ ఉంది. ఇంట్లో లేదు.

ఇంట్లో చల్లగా ఉండే చోటు ఒక్కటే, మగ్గం గుంత. మగ్గం చూడనివాళ్లకు చెప్పాలంటే, నేసే మనిషి నేల అంచున కూర్చుని కాళ్లు గుంతలోకి వేస్తాడు. అడుగున తొక్కుడు చెక్కలుంటాయి. చుట్టూ మట్టి గోడలు, కింద ఎప్పుడూ కొంచెం తేమ. ఆ తేమ పట్టు కోసం, మనుషుల కోసం కాదు. నాయన పొద్దున ఆ గుంతలో కాళ్లు పెడితే మళ్లీ అన్నానికే తీసేది. మగ్గం మీద చీర ఉన్నంతకాలం ఆయన పెండ్లిళ్లకు పోడు, సెలూనుకు పోడు, చావుకు పోయినా నీళ్లు పోసుకుని గంటలో వచ్చి కూర్చుంటాడు. మగ్గం మీద చీర లేని రోజంటూ నాకు తెలిసి లేదు.

అదే గదిలో ఇంకో మగ్గం ఉండేది, మా చిన్నాయనది. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూర్చుని పొద్దస్తమానం వాదించుకునేవాళ్లు. నాయన ఎండ ఎక్కువంటే చిన్నాయన పోయినేడే ఎక్కువనేవాడు. తర్వాత చిన్నాయన రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పనికి పోయినాడు. ఆ మగ్గం విప్పేసినారు, గుంత పూడ్చి సిమెంటు వేసినారు. అప్పట్నుంచి నాయన మాటలు తగ్గించినాడు. డాక్టరు చెబితే ఉప్పు తగ్గిస్తారే, అట్ల. కాకపోతే ఈయనకు ఎవరూ చెప్పలేదు.

ఇట్లాంటి ఇంట్లోకి కుక్కను తెచ్చింది నేను.

మా కాలేజీ కెమిస్ట్రీ మేడం ఇంట్లో పామరేనియన్ కుక్క పిల్లల్ని పెట్టింది. తల్లి వంశం గురించి మేడం గంటసేపు చెప్పగలదు. తండ్రి ఎవరంటే వీధి వైపు చూసి ఊరుకుంటుంది. అన్ని పిల్లల్నీ ఎవరో ఒకరు తీసుకుపోయినారు, ఇదొక్కటీ మిగిలింది. మజ్జిగ రంగు, పొట్టి కాళ్లు, నిలబడే చెవి ఒకటి, ఇంకా ఏ సంగతీ తేల్చుకోని చెవి ఒకటి. మూతి తల్లిది, నడక తండ్రిది. ఒళ్లంతా ఎంత బొచ్చంటే, అది అటు పోతాందో ఇటు వస్తాందో తెలుసుకోవడానికి బిస్కెట్టు చూపించాల్సి వచ్చేది. సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చినాను.

"ఏందే ఇది, పందికొక్కా?" అనింది మా అమ్మ సంచీలోకి తొంగి చూసి.

"కుక్కమ్మా."

"కుక్కయితే ఇంకా పెరగల్ల గదా."

"అయిపోయిందంట పెరగడం. ఇంతేనంట."

నాయన పోగుల మధ్య అటూ ఇటూ పోయే నాడెను ఆపకుండానే తీర్పు చెప్పినాడు. "పేరు గీరు పెట్టొద్దండి. పేరు పెడితే ఇంట్లో మనిషి అయిపోతాది. నాలుగు దినాలుంచుకోని ఎవురికన్నా ఇచ్చెయ్యండి."

అందుకని పేరు పెట్టలేదు. "ఏయ్" అని పిలిచేవాళ్లం. అది దాన్నే పేరనుకుంది. మా అమ్మ వీధిలో కూరగాయల బండిని "ఏయ్" అని కేకేసినా ముందు పరిగెత్తేది ఇదే.

నాలుగు దినాలు అవసరం లేకుండానే అది మగ్గం గుంత కనిపెట్టింది. ఆ బొచ్చు మోస్తున్న ఎవరికైనా ఈ ఊర్లో అదొక్కటే దారి. గుంతలోకి దిగి, నాయన ఎడమ కాలి పక్కన గోడకు ఒళ్లు ఆనించి పడుకుంది. నాయన కాలితో మెల్లగా అవతలికి నెట్టినాడు. అది అవతలికి పోయి, ఆయన చెక్క తొక్కేలోపల తిరిగొచ్చింది. కొన్నాళ్లకు చెక్క దిగేటప్పుడు తోక ఎత్తడం, లేచినాక దించడం కూడా నేర్చుకుంది. కళ్లు మూసుకునే చేసేది.

ఒకరోజు వంటింట్లో ఉంటే నడిమి గదిలోంచి నాయన గొంతు వినబడింది. ఎవరో వచ్చినారనుకుని నీళ్లు తీసుకుపోయినాను. ఎవరూ లేరు.

"ఈ యేడు చెనిక్కాయ వేసినోడికి బుద్ధి లేదు," అంటున్నాడు గుంతలోకి చూసి. కొంచెం ఆగి, గొంతు మార్చి, "వెయ్యకపోతే ఏం తినల్ల?" అన్నాడు. మళ్లీ తన గొంతుతో, "అది గూడా నిజమేలే."

చిన్నాయన వంతు మాట కూడా ఆయనే చెప్పుకుంటున్నాడన్న మాట. నేను నీళ్లు తాగి వెనక్కి వచ్చేసినాను.

"ఈ మనిషి కుక్క పక్క గూడా తనే మాట్లాడతాండాడు," అనింది అమ్మ నాడెలో పెట్టే కండెలకు దారం చుడుతూ. "కానీ మాట్లాడతాండాడు. అంతే చాలు."

చిన్నాయన రాయదుర్గం నుంచి వీడియో కాల్ చేసి చూసినాడు. "ఏమన్నా, నా జాగాలో గొర్రెపిల్లను పెట్టుకున్నావే!"

"నీ మాదిరి ఎదురు చెప్పదు," అన్నాడు నాయన. చాన్నాళ్ల తర్వాత ఆయన నవ్వింది ఆ రోజే.

అప్పటికి ఆ కుక్క మా ఇంట్లో ఎంతకాలం ఉంటుందని అడిగే ధైర్యం నాకు లేదు. అడగనంతకాలం ఉంటుందని మాత్రం తెలుసు.

అడగాల్సిన పని షావుకారు పెట్టినాడు. పట్టు, జరీ, మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల వార్పు అన్నీ ఆయన ఇస్తాడు, చేతులు మావి. మంచివాడే. ఎప్పుడూ గొంతు పెంచడు. పెంచకపోవడం వల్లనే భయం వేస్తుంది. మేము నేసిచ్చిన నేరేడుపండు రంగు చీరను మడత పెట్టుకుని తిరిగొచ్చి, అరుగు మీద పరిచి, కొంగు దగ్గర వేలు పెట్టినాడు. నేతలో ఒక తెల్ల వెంట్రుక. సగం లోపల, సగం బయట.

"అన్నా, ఇది పెండ్లికూతురు కట్టుకునే చీర," అన్నాడు. సరిగ్గా అప్పుడే మా కుక్క గుంతలోంచి తల బయటికి పెట్టి, వచ్చింది ఎవరా అని చూసింది. అది కొంచెం ఆలస్యంగా చూసి ఉంటే కథ వేరేగా ఉండేది. "ఓహో," అన్నాడు షావుకారు. "కుక్కను పట్టు మీద పడుకోబెడతాండారా?"

"పట్టు మీద కాదు, పట్టు కింద," అన్నాను నేను. నా మాట ఎవరికీ ఉపయోగపడలేదు.

"ఇంకోసారి కనబడితే వార్పు వేరే ఇంటికి ఇచ్చుకుంటానన్నా. ఏమనుకోవద్దు."

నాయన కుక్క వైపు చూడలేదు. మగ్గం వైపు చూసి చెప్పినాడు. "అంతదాకా రానియ్యను. ఇంకొక్క వెంట్రుక దొరికితే తెల్లారి కొత్తచెరువు బస్సు ఎక్కిచ్చేస్తా."

కొత్తచెరువు పక్కన మా మేనమామకు చెనిక్కాయ చేను ఉంది. అడవిపందులు రాకుండా చేనుకు కాపలాగా ఒక కుక్క కావాలని ఆయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. మాది కుక్కర్ విజిల్ వేస్తే మంచం కింద దూరే కుక్క. అడవిపంది దాన్ని చూసి ఏమనుకుంటుందో నేను ఊహించదలుచుకోలేదు. గుంతలో నాయన మళ్లీ ఎవరితో మాట్లాడతాడో అన్నది కూడా.

సమస్య బొచ్చు అయినప్పుడు పరిష్కారం కూడా బొచ్చులోనే ఉంటుందని నాకు గట్టి నమ్మకం. పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినాను. డాక్టరు ఎనుములకూ గొర్రెలకూ మధ్య మా కుక్కను చూసి సంతోషపడినాడు. రోజూ దువ్వమన్నాడు, చెవుల వెనకాల గోమార్లు ఉన్నాయేమో చూడమన్నాడు. కత్తిరిస్తే మాత్రం వేలెడు మందం ఉంచాలన్నాడు. లేకపోతే ఎండ నేరుగా తోలుకు తగులుతుందంట. రోజూ పొద్దున మిద్దె మీద దువ్వినాను. దువ్వే కొద్దీ వచ్చింది. ఒక కుక్కను దువ్వితే ఇంకో కుక్కకు సరిపడా బొచ్చు వచ్చేది. ఇట్లా దువ్వుతూ కూర్చుంటే బొచ్చు కంటే ముందు మగ్గం మీది చీర అయిపోతుందని తేలిపోయింది.

కుక్కలకు క్షవరం చేసే పార్లర్లు బెంగళూరులో ఉన్నాయంట. మా ఊరి బయట గొర్రెల దొడ్డి ఉంది. ఆ మందలకు బొచ్చు కత్తిరించే ఆయప్ప వచ్చినాడని తెలిసి, కుక్కను చంకలో పెట్టుకుని పోయినాను.

ఆయప్ప గొర్రెను వదిలి నా చంకలోకి చూసినాడు. "ఇదేం జాతి పాపా?"

"కుక్క."

"అది తెలుస్తాండాది. బొచ్చు ఎందుకుండాది ఇంత?"

"వాళ్లమ్మ నుంచి వచ్చింది."

"కంబళికి పనికి రాదు," అని రెండు వేళ్లతో పట్టి చూసి తేల్చేసినాడు. "కూరకూ పనికి రాదు. మరి యాల పెంచుతాండావు?"

"మా నాయనతో మాట్లాడతాది."

ఆయప్ప నా ముఖం ఒకసారి చూసినాడు. కుక్క కాళ్లు ముడిచి పక్కకు పడుకోబెట్టి, మోచేతి పొడుగు ఇనుప కత్తెర తీసినాడు. వేలెడు మందం ఉంచమని డాక్టరు చెప్పిన మాట నేను చెప్పినాను. "మా కత్తెరకు ఒకటే లెక్క పాపా," అన్నాడు. నేను ఇంకో మాట వెతుక్కునేలోపల ఒక పక్క అయిపోయింది. ఒక పక్కే కత్తిరించి ఇంటికి తీసుకుపోతే బాగుండదు కాబట్టి రెండో పక్క కూడా తిప్పించినాను. కుక్క అరవలేదు. పక్కన వంతు కోసం నిలబడ్డ గొర్రెలు అరవకపోవడం చూసి సిగ్గుపడి ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. గుమ్మంలోకి అడుగు పెట్టగానే నాడె చప్పుడు ఆగింది. నాయన గుంతలోంచి కాళ్లు తీసి, లేచి, గుమ్మం దాకా వచ్చినాడు. అన్నం వేళ కాకుండా ఆయన లేవడం నేను చూడలేదు. ఒలిచిన చెనిక్కాయ విత్తనం మాదిరి గులాబీ రంగులో నిలబడి వణుకుతున్న దాన్ని చాలాసేపు చూసినాడు.

"ఇంత చిన్నదా లోపల ఉండింది?" అన్నాడు.

తర్వాత ఆయన పాత పంచె ఒకటి చించి ఇచ్చినాడు, ఎండలోకి పోయినప్పుడు కప్పడానికని. అమ్మ రోజూ కొబ్బరినూనె రాసింది. నేను పొద్దు గుంకినాకే బయటికి తీసుకుపోయేదాన్ని. వీధి కుక్కలు దాన్ని గుర్తుపట్టక వాసన చూసి, గుర్తుపట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవి. అంత మర్యాద మనుషుల్లో కనబడలేదు. ఎదురింటి ఆయమ్మ "ఏమ్మా, కుక్కకు మొక్కుబడి ఉండెనా?" అని అడిగింది. తిరుపతికి పోయొచ్చిందని చెప్పినాను.

బొచ్చు పోయినాక గుంతలో తేమ దానికి చలి పుట్టించింది. అందుకని నాయన కాలి పక్కన కాకుండా కాలి మీదే పడుకోవడం మొదలుపెట్టింది. ఆయన ఆ కాలు కదిలించకుండా, రెండో కాలితోనే రెండు చెక్కలూ తొక్కుకుంటూ నేసినాడు. చీర దిగడం ఆలస్యమైంది. షావుకారు రెండుసార్లు ఫోన్ చేసినాడు. "దారం తెగుతాండాది, ఎండలు గదా," అని చెప్పినాడు నాయన. ఆయన అబద్ధం చెప్పడం కూడా నేను అప్పుడే మొదటిసారి విన్నాను. పనిలో పనిగా ఫ్యాన్ వైపు చూసినాడు.

చివరికి చీర దిగింది. ఈసారి మేము తీసుకుపోలేదు, షావుకారే వచ్చినాడు. మడత విప్పి, చీర పొడుగునా అరచెయ్యి పెట్టి జరుపుకుంటూ పోయినాడు. అమ్మ కండె పక్కన పెట్టింది. నాయన మగ్గం అంచున కూర్చుని, పోగును దగ్గరికి కొట్టే పలకను ఊరికే పట్టుకుని, నేస్తున్నట్టే ముందుకు వంగి ఉన్నాడు. కుక్క గుంతలో ఉంది. నేను గుమ్మంలో నిలబడి, బస్టాండుకు పోవాల్సి వస్తే దాన్ని ఏ సంచీలో పెట్టాలా అని అనుకోకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాను.

అరచెయ్యి అంచు దాటింది, బుటాలు దాటింది. కొంగు దగ్గర ఆగింది.

"ఇదో," అన్నాడు షావుకారు. జేబులోంచి చిమటా తీసి, వెంట్రుకను మెల్లగా లాగి, ట్యూబులైటు వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. తెల్లగా, తిన్నగా, వేలి పొడుగు.

"ఏయ్," అని పిలిచినాను.

కుక్క గుంతలోంచి ఎక్కి వచ్చి షావుకారు ముందు నిలబడింది. ఆయన చిమటా అట్లే పట్టుకుని, రెండో చేత్తో దాని వీపు మీద తల నుంచి తోక దాకా నిమిరినాడు. తోక నుంచి తల దాకా మళ్లీ నిమిరినాడు. అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఏమీ లేదు.

"దీనికి యాడుండాదమ్మా బొచ్చు?"

"నేను గూడా అదే అడుగుతాండా," అన్నాను.

షావుకారు నా తల వైపు చూసినాడు. నల్లగా ఉంది. అమ్మ తల వైపు చూసినాడు. నూనె పెట్టి బిగించి కొప్పు వేసుకుని ఉంది, నల్లగానే ఉంది. షావుకారు తల వైపు మేము చూసినాము. ఆయనకు జుట్టు సమస్య తీరిపోయి చాలా కాలమైంది.

అప్పుడు నాయన, నేసేటప్పుడు రోజంతా చేసే పనే చేసినాడు. ముందుకు వంగినప్పుడు కళ్ల మీద పడిన నెరిసిన జుట్టును చేత్తో వెనక్కి తోసి, చెవి మీదికి సర్దుకున్నాడు. సర్దుతున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

కుక్క పోయి ఆయన పక్కన కూర్చుంది.

అమ్మ కండె చేతిలోకి తీసుకుని, దారం కొస వెతుకుతూ నాయనతో అనింది, "తెల్లారి సద్ది కట్టిస్తా. కొత్తచెరువు బస్సుకు నువ్వే పో."