గంగులమ్మ విన్న నవల

పుస్తకం విని భయపడి గంగులమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని పారిపోయిందని నగరిలో మా వీధివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేటప్పుడు నవ్వుతారు. ఆ రోజు తాము కూడా పిల్లల్ని లోపల పెట్టి తలుపులు వేసుకున్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

గంగులమ్మది మా వీధిలో చివరి ఇల్లు. గోవిందస్వామి గారి పవర్‌లూం షెడ్డులో రెండు మగ్గాలు చూసేది. నేను ఎనిమిదో తరగతితో బడి మాని అదే షెడ్డులో కండెలు చుట్టే పనికి చేరాను. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలవి. మిషను చుడుతూ ఉంటుంది, నిండినప్పుడు మార్చాలి. ఆ మధ్యలో ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుకునేదాన్ని.

ఆ ఎండాకాలం అట్ట ఊడిపోయిన నవల ఒకటి నా చేతికి వచ్చింది. మా మామ కొడుకు నరేంద్ర తిరుపతిలో పాత పుస్తకాలమ్మే చోట కొన్నాడు. ఎదిగే పిల్లల కోసం రాసిన సైన్స్ కథ. ఎప్పుడో రాబోయే కాలంలో ఒక ఊరు, దాని చుట్టూ ఎత్తైన గోడ. అందరినీ ఒక యంత్రం పాలిస్తుంది. పన్నెండేళ్ళు నిండిన పిల్లల ఇంటి ముందుకు చప్పుడు లేని బండి వస్తుంది. వాళ్ళను నేల కింద మిషన్ల దగ్గరికి తీసుకుపోయి, పేరు తీసేసి నంబరు ఇస్తారు. కొన్నాళ్ళకు ఎవరి పేరు వాళ్ళకే గుర్తుండదు. నీల అనే అమ్మాయి మాత్రం రోజూ పొద్దున్నే తన పేరు తాను మనసులో చెప్పుకుంటుంది.

గంగులమ్మకు చదవడం రాదు. నేను చదువుతుంటే నా ముఖం చూస్తూ ఉండేది. ఒకరోజు, "ఏంమే, కండ్లు అంత పెద్దవి చేస్తా ఉండావు. నాకూ చెప్పరాదా?" అని అడిగింది.

గొంతుతో కాదు, పెదాలతో అడిగింది. షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అక్కడి ఆడవాళ్ళం గొంతు లేకుండానే మాట్లాడుకుంటాం, పెదాలు చూసి అర్థం చేసుకుంటాం. నలుగురిలో నాకు మాట పెగలదు గానీ అక్కడ ఆ ఇబ్బంది లేదు. కాసింత చదవడం, తలెత్తి ఆమెకు చెప్పడం, మళ్ళీ చదవడం. బండి వచ్చి నీల ఇంటి ముందు ఆగిన చోట గంగులమ్మ తెగిన పోగు అతకడం మరిచిపోయింది.

ఆమె కూతురు ప్రశాంతికి అప్పుడు పన్నెండేళ్ళు. ఏడో తరగతి అయిపోయింది. తండ్రి చిన్నబ్బ నూలుకు రంగులు అద్దే పని చేసేవాడు. బడులు తెరిచే నాటికి కూతుర్ని కండెలకు పంపుతానని గోవిందస్వామి గారికి మాట ఇచ్చేశాడు. పుత్తూరు ఆడపిల్లల హాస్టల్లో చేర్పిద్దామని గంగులమ్మ అడుగుతూనే ఉంది. ఆడబిడ్డను ఊరు దాటించేది లేదని అతను అంటూనే ఉన్నాడు. చేరికలకు సోమవారమే ఆఖరు. ఇటు నా పక్కన రెండో మిషను తెచ్చి పెట్టేశారు. దాని ముందు పీట కూడా వేశారు. నేను అటు చూడకుండా పని చేసుకోవాలని చూసేదాన్ని. కుదిరేది కాదు.

శనివారం నవల అయిపోయింది. నీల గోడ దాటి, అవతల నిలబడి తన పేరు తానే గట్టిగా పిలుచుకుంటుంది. గంగులమ్మ, "వాళ్ళమ్మ ఏం చేసింది?" అని అడిగింది. పుస్తకంలో అది లేదని చెప్పాను.

కిటికీ పక్క మగ్గం నాగరత్నమ్మది. ఆమె కూడా అప్పుడప్పుడూ నా పెదాల వైపు చూస్తోందని నాకు తెలియదు. పన్నెండేళ్ళు, బండి, పిల్లల్ని ఎక్కించుకుపోవడం, పేర్లు తీసేయడం. ఆమెకు అందినవి ఇవే. హోటళ్ళలో పనిచేసే పిల్లల్ని అధికారులు జీపుల్లో తీసుకుపోతున్నారని అప్పట్లో పేపర్లో వస్తుండేది. నేను ఆ వార్తే చెబుతున్నానని ఆమె అనుకుంది. ఆదివారం సాయంత్రం కొళాయి దగ్గర మాట మొదలైంది. సోమవారం తెల్లారేసరికి బండి పక్కనే ఉన్న ఏకాంబరకుప్పం దాకా వచ్చేసిందన్నారు. ఒకరు పిల్లవాణ్ణి గూడూరు రైలెక్కించారు.

నాగరత్నమ్మ ఇంటికి పోయి, అది ఉత్త కథ అని చెప్పాను.

"కథంటావా? నీకు బిడ్డలుంటే తెలిసుండు. మీ ఇంట్లో ఎవుర్నీ ఎత్తకపోరులే, నీకేమి" అంది.

అక్కణ్ణుంచి గంగులమ్మ ఇంటికి పోయాను. చిన్నబ్బ ప్రశాంతి చెయ్యి పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఎదురొచ్చాడు.

"పాపా, ఈళ్ళ మాటలు నేను నమ్మను. నువ్వు చదివిన బిడ్డవి, నువ్వు చెప్పు. బండి వస్తా ఉండాదా, లేదా?"

రాదని చెప్పడానికే పోయాను. నేను ఆ మాట అంటే అతను నమ్ముతాడు. నమ్మితే ప్రశాంతి ఆ పీట మీద కూర్చుంటుంది. అతని వెనక, గడపలో గంగులమ్మ నిలబడి నన్నే చూస్తోంది. గొంతు లేకుండా పెదాలు కదిపింది.

"ఒద్దు."

నేను తల వంచుకున్నాను. నేను మాట్లాడకపోవడం ఎవరికీ కొత్త కాదు. కానీ చిన్నబ్బ దాన్నే జవాబు అనుకున్నాడు. పెళ్ళాం వైపు తిరిగాడు.

"పుత్తూరు, పుత్తూరు అంటివే. పిల్చుకోని పో. ఆడ బడిలో ఉంటే ఎవురూ ఎత్తకపోరు."

గంగులమ్మ లోపలికి పోయి నూలు మూటల వెనక నుంచి రేకు పెట్టె ఒకటి తెచ్చింది. హాస్టలు పిల్లల పెట్టెల మీద రాసినట్టే, మూత మీద తెల్ల రంగుతో ప్రశాంతి అని రాసి ఉంది. చిన్నబ్బ కళ్ళు వీధి మలుపు మీదే ఉన్నాయి. పెట్టెను చూడలేదు.

బస్సు కదిలేదాకా నేనూ వాళ్ళతోనే ఉన్నాను. అది ఉత్తిదేనని ఎవరైనా వచ్చి చెబుతారేమో, చిన్నబ్బ పరిగెత్తుకొస్తాడేమో అని వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు. ఏ బండీ రాలేదు. మధ్యాహ్నానికి తలుపులు తెరుచుకున్నాయి, సాయంత్రానికి నవ్వులు మొదలయ్యాయి. గంగులమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. చిన్నబ్బ చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం మురుకులు సంచిలో వేసుకుని తనే పుత్తూరు పోయివచ్చాడు. నా పక్క మిషను దగ్గరికి వేరే అమ్మాయి వచ్చింది. ఆ పిల్లకూ పన్నెండేళ్ళే.

షెడ్డులో గంగులమ్మను ఇంకా ఆటపట్టిస్తారు. ఆమె తన పోగులు చూసుకుంటుంది. భయపడి పారిపోయిందనే అందరూ అంటారు.

బోర్డులు రాసే ధనంజయ చేత ఆమె ఆ పెట్టె మీద పేరు రాయించింది శుక్రవారం. కొళాయి దగ్గర మాట పుట్టింది ఆదివారం.