రాజరత్నం మాస్టారి వైరస్ పాఠం

తాడేపల్లిగూడెంలో జువాలజీ చెప్పే రాజరత్నం మాస్టారు ఏ మాట మొదలెట్టినా ఎయిడ్స్ వైరస్ దగ్గరే తేలతారు. వాన గురించి అడగండి, రొయ్యల ధర అడగండి, మూడో వాక్యానికల్లా అది వచ్చి కూర్చుంటుంది.

దీంతో ఆయన భార్య రాజకుమారిగారు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. పెంటపాడులో పెళ్ళికెళితే, ఒకే గుడ్డతో కుట్టిన తోటిపెళ్ళికూతుళ్ళ జాకెట్లు చూసి ఆయన వెలిగిపోయారు. వైరస్ కూడా తనకి తాను ఇలాగే నకళ్ళు తీసుకుంటుందని, కాకపోతే దాని దర్జీ పరమ తొందరమనిషని, ప్రతి నకల్లోనూ ఎక్కడో ఓ కుట్టు తప్పుతుందని ఉత్సాహంగా వివరించారు. పాపం, పిల్లలు కంగారుగా జాకెట్లు తడుముకున్నారు.

అందుకే రెండువేల ఏడులో, ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో తమ ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టుకున్న రోజున, రాజకుమారిగారు ముందే హెచ్చరించారు. ఈ పూట ఆ వైరస్ పేరెత్తితే సాయంత్రం అందరికీ భోజనం ఉంటుంది, మీకు మాత్రం ఉండదన్నారు. మాస్టారు బుద్ధిగా తలూపారు.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు మాస్టారిని రెండు మాటలు చెప్పమన్నారు. వంటింటి గుమ్మంలో మార్తమ్మ నిలబడింది. సంఘంలో ఏ శుభకార్యమైనా వంట ఆవిడదే.

"ఉపవాసం మంచిదేనండీ. కానీ మందులు వాడేవాళ్ళు మాత్ర మానకూడదండీ," అన్నారు మాస్టారు. ఇంకేముంది, వైరస్ దిగింది. "నకళ్ళలో తప్పులు పడ్డవి చాలామటుకు నీరసమైనవేనండీ, పెరగలేవు. మాత్ర మానామా, లక్షల్లో పుడతాయి. అందులో ఏదో ఒకదానికి ఆ తప్పే కలిసొచ్చి, మందుకి లొంగదు. ఆ తర్వాత మాత్ర మింగినా దాని సంతానమే పెరుగుతుంది. ఆ మందు ఇంక ఆ మనిషికి పనిచెయ్యదండీ."

మార్తమ్మ గబుక్కున లోపలికెళ్ళింది. తలెత్తుకోలేక రాజకుమారిగారూ వంటింట్లోకే పోయారు. మార్తమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని మాత్ర మింగుతోంది.

"ఉపవాసం చెడుతుందని వారం నుంచీ పగటి మాత్ర మానేశానమ్మగారూ. రేపే ఏలూరు వెళ్ళి డాక్టరుగారికి చెబుతాను."

"మా ఆయనకి తెలుసా?" అని అడిగారు రాజకుమారిగారు.

"నిరుడు ఏలూరు ఆసుపత్రిలో, ఈ జబ్బు మందుల వరసలో నన్ను చూశారండీ. పలకరించుంటే సిగ్గుతో చచ్చిపోదును. చూడనట్టే వెళ్ళిపోయారు. అప్పట్నించీ నేను వంటకెళ్ళిన ప్రతిచోటా, ఊరందరికీ చెబుతున్నట్టు నాకే చెబుతున్నారండీ."

పెంటపాడు పెళ్ళి వంట కూడా మార్తమ్మదే. ఆ సంగతి గుర్తొచ్చి రాజకుమారిగారికి భర్త మీద ఎన్నడూ లేనంత ప్రేమ పొంగింది.

ఆవిడ గదిలోకి రాగానే మాస్టారు వాక్యం మధ్యలోనే ఆపి కూర్చున్నారు.

"కూర్చున్నారేంటండీ? వంటింట్లోకి సగమే వినబడింది. మళ్ళీ మొదట్నించీ చెప్పండి," అన్నారావిడ.

పాస్టరుగారు వాచీ చూసుకున్నారు. మాస్టారు సంబరంగా లేచి నిలబడ్డారు.