ఆఖరి పిజ్జా ముక్క, అమలాపురం బ్రాంచి

ఇది మహాకావ్యం. ఇందులో అగ్నిగుండం ఉంది, ఇద్దరు వీరులున్నారు, చేజారిన రాజ్యం ఉంది. సరే, నిజం చెప్పేస్తాను. అగ్నిగుండమంటే పిజ్జా కాల్చే పొయ్యి. వీరులంటే నేనూ, మా సత్యంగారూ. రాజ్యమంటే అమలాపురం బ్రాంచి. కావ్యం కూడా కాదు, ఒట్టి కడుపుమంట.

రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు తయారుచేసే కంపెనీ మాది. ఉన్నది చండీగఢ్‌లో. అక్కడ రొయ్యలెక్కడివని అడక్కండి. నేనూ అడిగాను, ఎవరూ చెప్పలేదు. నాది కాట్రేనికోన, నాకన్నా పదేళ్లు పెద్దయిన సత్యంగారిది కొత్తపేట. ఆఫీసు మొత్తానికి గోదావరి నీళ్లు తాగినవాళ్లం మేమిద్దరమే. రెండేళ్లు రాజ్మా తిని తిని నా ముఖమే చిక్కుడుగింజలా తయారైంది. అలాంటి రోజుల్లో, అమలాపురంలో బ్రాంచి తెరుస్తున్నారనీ, ఒక్క మనిషినే పంపుతారనీ తెలిసింది.

ఆ సంగతి తేల్చడానికే మేనేజరు భల్లా సార్ మమ్మల్నిద్దరినీ, మాతో పనిచేసే హర్‌ప్రీత్‌నీ ఒక బుల్లి ఇటాలియన్ హోటలుకు తీసుకెళ్లారు. ఆరే బల్లలు, బల్లకో కొవ్వొత్తి.

"కరెంటు పోయిందేంటండీ?" అన్నారు సత్యంగారు గుసగుసగా.

"కాదండీ, ఇంపుగా ఉంటుందనంటండి."

"తినేదేంటో కనపడకపోతే ఇంపేంటండీ బాబూ!"

పిజ్జా వచ్చింది. ఎనిమిది ముక్కలు. హర్‌ప్రీత్ మూడు లాగించాడు, సార్ రెండు, మేం మర్యాదగా చెరొకటి. ఒకటి మిగిలింది.

"తీసుకోండి బాబూ," అన్నారు సత్యంగారు.

"అబ్బే, మీరు కానివ్వండి."

"ఆయ్, నాకు నిండిపోయిందండి."

అబద్ధం. ఆయన కడుపు చేస్తున్న చప్పుడు నాకు వినపడుతోంది.

"పెద్దవారు, మీ తరవాతేనండి."

ఇంతలో వెయిటరొచ్చి, ఇంకా కావాలా అని అడిగాడు. ఇద్దరం చేతులూపి వద్దన్నాం. అంతే, ముక్కతో సహా ప్లేటెత్తుకుపోయాడు!

మీరే న్యాయం చెప్పండి. మా ఊళ్లో విస్తరికి రెండు చేతులూ అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పప్పుచారు పోస్తారు. మొదటి 'వద్దు' మర్యాద, రెండో 'వద్దు' మొహమాటం, మూడోది చెబితే గాని అసలు సంగతి మొదలవదు. ఒక్కసారి అడిగి పట్టుకుపోతే అది వడ్డనా? జప్తు!

ఆ మంట చల్లారకముందే భల్లా సార్ అడిగారు. "అమలాపురం ఎవరు వెళ్తారు?"

నా గుండె ఏరేటర్‌లా గిర్రున తిరిగింది. నోరుందే, అది మాత్రం పెంపకం మరిచిపోలేదు.

"సత్యంగారు పెద్దవారు సార్, ఆయన్ని పంపండి."

"అబ్బెబ్బే! పెళ్లి కావాల్సిన కుర్రోడు సార్, ఈయన్నే పంపండి."

"ఎంతమాటండీ, మీరుండగా!"

"నాదేముందండీ, నేనెక్కడున్నా ఒకటేనండి."

నోళ్లు అలా అంటున్నాయే గాని, నాలుగు కళ్లూ సార్‌ని వేడుకుంటున్నాయి. మళ్లీ అడుగు నాయనా, ఒక్కసారి బలవంతపెట్టు! సార్ మమ్మల్ని మార్చి మార్చి చూశారు.

"ఇద్దరికీ ఇష్టం లేదన్నమాట. హర్‌ప్రీత్, నువ్వో?"

"వెళ్తాను సార్. నాకు చేపలంటే ఇష్టం," అన్నాడు వాడు మూతి తుడుచుకుంటూ.

పిల్లులు పోట్లాడుకుంటే రొట్టె కోతికి పోయిందంటారు. మా పిల్లులు మర్యాద చేసుకున్నాయి. రొట్టె అయినా కోతికే పోయింది.

అంతటితో అయిందా? మొన్న అమ్మ ఫోను చేసింది.

"అమలాపురం వచ్చిన మీ ఆఫీసు స్నేహితుడు భోజనానికొచ్చేడురా. పులస పులుసు మూడుసార్లు వడ్డించేను. ఒక్కసారైనా వద్దంటేనా! ఎంత మంచి పిల్లోడో."

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడక్కుండానే పెడుతుంది, నాకు తప్ప.

అందుకే ఆరిపోయిన ఆ కొవ్వొత్తి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఎవరేం అడిగినా, మొదటి మాటకే 'ఆయ్'! నిన్న భల్లా సార్ గదిలోంచి తొంగిచూసి "మీలో ఎవరైనా..." అన్నారో లేదో, "ఆయ్, నేనే సార్!" అని లేచి నిలబడ్డాను. సత్యంగారు నోరు తెరిచేలోపే!

ఆదివారం వచ్చి పాత ఫైళ్లన్నీ నాలుగో అంతస్తుకు చేర్చాలట.

ఆదివారాలు మా ఆఫీసులో లిఫ్టు పనిచెయ్యదు.