అర మైలు అవతలి ఇనప టోపీ

పోయిన ఆదివారం డబ్లిన్‌లోని మా తెలుగు చర్చిలో ఒక కుర్రాడు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. "దేవుడు మా ప్రాజెక్ట్‌ని సక్సెస్ చేశాడు. డిఫెన్స్ సైడ్, సో డీటెయిల్స్ చెప్పలేను" అన్నాడు. హాలంతా "ఆమెన్" అంది. నా నోరు పెగల్లేదు. నా చెవి మిషన్ మళ్లీ మొరాయించిందనుకుని పక్కనావిడ మోచేత్తో పొడిచింది కూడా. మిషన్ బాగానే ఉంది తల్లీ, గుర్తొచ్చింది మా బావ అని చెప్పడానికి అది చోటు కాదు.

డెబ్బైల చివర్లో నేను న్యూజెర్సీలో అక్కా బావల దగ్గర ఉండేదాన్ని. ఇప్పుడు కాలు పెట్టడానికి సందుండని ఐసెలిన్‌లో అప్పట్లో ఒకటో రెండో ఇండియన్ కొట్లు. బావ లోహాల ఇంజనీరు, అందులోనూ ఇత్తడి అంటే ప్రాణం. ఎవరింటికి భోజనానికి వెళ్లినా వాళ్లు ఇండియా నుంచి మోసుకొచ్చిన బిందెనో, చెంబునో వేలి గోటితో టంగుమని కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. "బాగా కాల్చారండి దీన్ని" అనో, "దీనికి పగులు రాబోతోంది" అనో తీర్పు చెప్పేవాడు. అక్క సిగ్గుతో చచ్చిపోయేది. ఆ మనిషి పని చేసేది సైన్యానికి తూటాలు తయారుచేసే కంపెనీలో.

అప్పుడు రైఫిలుకు కొత్త తూటా తయారవుతోంది. పాతది తేలిక, దూరం పోయేసరికి దాని జోరు చచ్చిపోతుందట. కొత్తదాని ముక్కులో ఉక్కు ముక్క పెట్టి, వెనక సీసం నింపారు. దాంతో పొడుగైంది, బరువెక్కింది. అంత పొడుగుది దారిలో తూలిపోకుండా ఉండాలంటే మరింత వేగంగా గిర్రున తిరగాలి కాబట్టి, తుపాకీ గొట్టం లోపలి గాడుల మెలికను కూడా బిగించాల్సి వచ్చింది. ఇవన్నీ బావ అన్నం కలుపుతూ చెప్పేవాడు. బావ వంతు, తూటా వెనకాల మందు నింపే ఇత్తడి గొట్టం. మందు అంటుకోగానే అది ఉబ్బి సందులన్నీ మూసెయ్యాలి, మరుక్షణం ముడుచుకుని బయటికి వచ్చెయ్యాలి. గట్టిదైతే పగులుతుంది, మెత్తనిదైతే ఇరుక్కుంటుంది. వీటన్నిటికీ చివర ఒక పరీక్ష ఉంది. అర మైలు అవతల సైనికుడి ఉక్కు హెల్మెట్ పెట్టి కాలుస్తారు. దానికి చిల్లు పడితే గెలిచినట్టు, పడకపోతే బావ సెక్షన్ ఎత్తేస్తారు. ఇల్లు కొన్నది కొత్త, అక్కకు నెలలు నిండుతున్నాయి.

ప్రతి శనివారం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక ఉండేది. అక్క లేచి "మావారి ప్రాజెక్ట్ కోసం ప్రార్థన చెయ్యండి" అని అడిగేది. అందరం కళ్లు మూసుకుని గట్టిగానే చేశాం. వీసా ఏమిటి, జీతమెంత అని మొహమాటం లేకుండా అడిగే జనం మేము, ఆ ప్రాజెక్ట్ ఏమిటని మాత్రం ఒక్కరం అడగలేదు. నాకు తెలుసు, అయినా మరొకలా ప్రార్థన చేద్దామని తోచలేదు. ఉద్యోగం నిలబడాలి, అంతే.

పరీక్ష పాసైంది. అక్క తొమ్మిదో నెల కడుపుతోనే కృతజ్ఞత కూడిక పెట్టి, ఇంటినిండా జనాన్ని పిలిచి బిర్యానీ వండించింది. పాటలయ్యాక లేచి, దేవుడు మా మొర ఆలకించాడని కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. అందరం ఆమెన్ అన్నాం. బాపట్ల నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చి, కొన్ని వారాలుగా మా కూడికలకు వస్తున్న ఒక మామ్మగారు సోఫా అంచున కూర్చుని ఉన్నారు. "ఇంతకీ ఏం పాసైంది నాయనా?" అని బావను అడిగారు.

ఇన్నాళ్లకు అడిగే మనిషి దొరికినందుకు బావ మొహం వెలిగిపోయింది. "అర మైలు దూరాన హెల్మెట్ పెట్టి కాల్చామండీ. ఇటు దూరి అటు వచ్చేసింది."

"హెల్మెట్ అంటే మిలిటరీవాళ్ల ఇనప టోపీయేనా?"

"అదేనండి."

ఆవిడ చీరకొంగు వేళ్లకు చుట్టుకున్నారు. "మా రెండోవాడు పెట్టుకుంటాడు అలాంటిది. కాశ్మీరులో ఉన్నాడు. పొద్దున్నే వాడి టోపీ గట్టిగా ఉండాలని మోకాళ్ల మీద అడుగుతాను. మీ ఆవిడ చెప్పింది కదాని సాయంత్రం నీ ప్రాజెక్ట్ కోసమూ అడిగాను. రెండూ నేనే అడిగాను నాయనా."

"అయ్యో, ఇది మనవాళ్ల మీదికి రాదండి" అన్నాడు బావ కంగారుగా.

"మరి ఎవరి మీదికి వెళుతుంది?"

ఎత్తిపొడుపు కాదు, తెలుసుకుందామనే అడిగారు. బావ బిర్యానీ గిన్నె మూత తియ్యడానికి లేచాడు. బిర్యానీ వడ్డించుకున్నాం, తల వంచుకుని తిన్నాం, బాగుందని ఎవరూ అనలేదు. మామ్మగారు తనే ఏదో తప్పు చేసినట్టు ముడుచుకుని కూర్చుంటే ఇంకా సిగ్గేసింది. అందరూ వెళ్లాక అక్క గిన్నెల ముందు నిలబడి "నేను లేచి నిలబడి మరీ చెప్పానే" అని ఏడ్చింది. "నేను చేసేది ఇత్తడి గొట్టమేగా" అన్నాడు బావ, గోడవైపు చూస్తూ.

ఉద్యోగం మానేశాడని రాస్తే బాగుండేది. మానలేదు. ఇంటి అప్పుంది, పిల్ల పుట్టింది. ఎనభైలలో ఆ తూటా సైన్యమంతటికీ చేరింది. టీవీలో సైనికులు కనిపిస్తే బావ స్టవ్ కట్టేశానో లేదో చూసొస్తానని లేచేవాడు. ఎవరింట్లోనూ చెంబు మోగించి చూడడం మానేశాడు. కూడికలో ఎన్నడూ నోరు తెరవని మనిషి, ఆనాటినుంచి ప్రతి వారం ఒకటే అడిగేవాడు, "మామ్మగారి రెండో అబ్బాయి కోసం" అని. ఆవిడ పోయాకా అడిగాడు. "అతను రిటైరై బాపట్లలో మందుల షాపు పెట్టుకున్నాడండీ" అని ఎవరో నెమ్మదిగా చెబితే, "ఉండనివ్వండి" అన్నాడు. తను పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక ఆ కుర్రాణ్ణి పార్కింగ్ లాట్‌లో పట్టుకున్నాను. "నువ్వు చేసింది ఎవరి మీదికి వెళుతుంది నాన్నా?" అన్నాను.

"ఆంటీ, నేను సాఫ్ట్‌వేర్ మాత్రమే చేస్తాను" అన్నాడు. తర్వాత కారు తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు, కారెక్కలేదు. బావ మొహంలో ఆ రోజు చూసిందే అతని మొహంలోనూ కనిపించింది. మామ్మగారు అడిగిన రోజున నేనూ ఆ గదిలోనే, పళ్లాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ ఒక్క ప్రశ్న నా నోట రావడానికి, నాకు ఆవిడ వయసు రావలసి వచ్చింది.